బోదకాలు: రక్తపుచుక్క చెప్పే సాక్ష్యం

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి బోదకాలును గురించి వేరుగా చెప్పనక్కరలేదు. సంతలోనో, రేవులోనో, గుడిమెట్ల మీదనో ఆ బరువైన పాదాన్ని చూడని పెద్దలు అరుదు. కాని వాచిన కాలు వ్యాధికి ఆరంభం కాదు. ఏండ్ల తరబడి లోలోపల జరిగిన హానికి అది తుది ఫలితం. కాలు వాచినవాని రక్తంలో తరచు పురుగు కనిపించదు. ఏ బాధా ఎరుగక పొలం పనులు చేసుకొనే మనిషి రక్తంలో అది ఉండవచ్చును. ఇతరులకు వ్యాధి సోకడానికి ఆధారమయ్యేది ఇతడే. ఇతనిని గుర్తించడమెట్లు? ప్రయోగశాల ఈ ప్రశ్నకు మూడు విధాలుగా సమాధానం చెప్పినది.

వ్యాధికి మూలం ఉకరేరియా బాంక్రాఫ్టై అనే దారంవంటి పురుగు. ఇది శోషరస నాళాలలో కొన్ని ఏండ్లపాటు జీవించి, లక్షలాది పిల్లపురుగులను రక్తంలోకి విడుస్తుంది. వీటిని మైక్రోఫైలేరియాలంటారు. వీటిని మనిషినుండి మనిషికి చేర్చేది క్యూలెక్స్ దోమ. ఈ దోమకు పారే కాలువ నీరు ఇష్టం లేదు. కదలని మురుగే దాని పుట్టిల్లు. దోమ దేహంలో ఈ పురుగు ఎదగడాన్ని 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు కనుగొన్నాడు.

మొదటి పద్ధతి పురుగును కంటితో చూడడం. పిల్లపురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాలలో దాగి, రాత్రి పైకి వస్తవి. అర్ధరాత్రి ప్రాంతంలో అత్యధికంగా ఉంటవి. దోమ కుట్టేదీ ఆ వేళనే. కనుక 1955లో జాతీయ ఫైలేరియా నివారణ కార్యక్రమం ప్రారంభమైన పిమ్మట, సిబ్బంది రాత్రిళ్ళు ఇల్లిల్లు తిరిగి రక్తం సేకరించవలసి వచ్చినది. వేలికొన గుచ్చి, గాజుపలకపై రక్తాన్ని మందంగా పూసి ఆరనిస్తారు. నీటిలో ఉంచగా ఎర్రకణాలు పగిలిపోయి పురుగు మిగులుతుంది. దానికి రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూస్తారు. పద్ధతి చౌక; కాని పురుగులు కొద్దిగా ఉన్నచో ఆ చుక్కలో ఒక్కటీ పడకపోవచ్చును.

రెండవది పురుగు జాడను పట్టే పద్ధతి. పెద్దపురుగులు విడిచే కొన్ని పదార్థాలు రాత్రింబగళ్ళు రక్తంలో తిరుగుతుంటవి. వీటిని ప్రతిజనకాలంటారు. తాళానికి చెవి వలె వీటికే అతుక్కొనే ప్రతిరక్షకాలను ఒక చిన్న పట్టీపై అమర్చినారు. రక్తం పట్టీవెంట పాకుతూ, రంగు కణాలు తగిలించిన ప్రతిరక్షకాలను తోడు తీసుకొని పోతుంది. ప్రతిజనకం ఉన్నచో అవి గీత వద్ద చిక్కి రంగు తేలుతుంది. పక్కన మరొక గీత పట్టీ సరిగా పనిచేసినదని తెలుపుతుంది. పగటిపూట, పది నిమిషాలలో ఫలితం తేలుతుంది. అయితే ఆ పది నిమిషాలకే చూడవలెను. ఆలస్యమైనచో లేని గీత కనిపించి మోసగించవచ్చును.

మూడవది పి.సి.ఆర్. పురుగు వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఏ.లో ఒక ముక్కను ఇది గుర్తిస్తుంది. ఈ ఉపాయాన్ని ఊహించిన కేరీ మల్లిస్‌కు 1993లో నోబెల్ బహుమతి లభించినది. ద్రవాన్ని వేడిచేయగా డి.ఎన్.ఏ. పేట రెండు పోగులుగా విడివడుతుంది. చల్లార్చగా, మనకు కావలసిన ముక్కకే అతికే చిన్న తునకలు ఆ పోగులపై కుదురుకొంటవి. వాటినుండి కొత్త పోగులు అల్లుకొంటవి. ఒక్కొక్క ఆవృత్తిలో సంఖ్య రెట్టింపవుతూ, ముప్పది ఆవృత్తులలో ఒక్క ప్రతి నూరు కోట్లు దాటగలదు. ఈ పద్ధతిలో దోమలను గుంపుగా నూరి పరీక్షించవచ్చును. దోమలో పురుగు డి.ఎన్.ఏ. దొరికినదంటే, ఆ వాడలో ఎవరి రక్తంలోనో పిల్లపురుగులు ఇంకా ఉన్నవని అర్థం. ఇంత సూక్ష్మమైన పరీక్షకు జాగ్రత్తయూ అంతే అవసరం. పాత నమూనా రవ్వంత కలిసినా అబద్ధం నిజమవుతుంది. అందుచేత పనులకు వేర్వేరు గదులుంటవి. ప్రతిసారీ వట్టి నీటిని కూడ పరీక్షించి చూస్తారు.

పరీక్ష దోషిని చూపుతుంది, తొలగించేది మందు. ఆ మందుకు మన నేలతో సంబంధం ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో హెట్రజాన్, అనగా డై ఇథైల్ కార్బమజైన్, రూపొందినది. 2004 నుండి మన దేశంలో వ్యాధి నెలకొన్న జిల్లాలలో ఏటా ఈ మాత్రలను ప్రజలకు పంచే కార్యక్రమం చేపట్టినారు. గర్భిణులకు, రెండేండ్ల లోపు పిల్లలకు, తీవ్రరోగులకు మాత్రం ఇవ్వరు. మాత్రలు ఫలించినవో లేవో తెలుసుకొనుటకు ఆరేడేండ్ల పిల్లలను ప్రతిజనక పరీక్షతో చూస్తారు. వారు పుట్టి కొద్ది ఏండ్లే అయినది గనుక, వారి రక్తంలో జాడ ఉన్నచో వ్యాధి ఇటీవలనే సోకినదని రుజువు.

కనుక సిబ్బంది తలుపు తట్టినప్పుడు, "నా కాలు బాగానే ఉన్నదిగదా, నాకెందుకు?" అనకండి. బాగున్న కాలు నిర్దోషిత్వానికి సాక్ష్యం కాదు. ఆ సాక్ష్యం చెప్పగలిగినది రక్తపుచుక్కయే. ఒక్క క్షణం వేలు చాచండి. మాత్రలిచ్చినప్పుడు వారి ఎదుటనే మింగండి. వాచిన కాలును మునుపటి వలె చేయడం దుస్సాధ్యం. మన పిల్లల కాలు వాయకుండ కాపాడుకొనడం మాత్రం మన చేతిలో ఉన్నది.