మరియొక వెండికొండ

వెండికొండ యనగానే మన మనస్సులకు తోచునది కైలాసము. నేడు మేము ముచ్చటింపబూనిన వెండికొండ వేరు. అది అమెరికా దేశమున, కొలరాడో రాష్ట్రములో, రాకీ పర్వతముల నడుమ నున్నది. డెన్వరు నగరమునుండి పడమటి దిక్కుగా కొండలలోనికి సాగినచో క్లియర్ క్రీక్ అను కౌంటీ వచ్చును. కౌంటీ యనగా ఇంచుమించు మన జిల్లావంటిదే. క్లియర్ క్రీక్ అనగా తేటనీటి వాగు. ఆ తేటదన మేమైనదో చివర చెప్పుదుము. ఈ కౌంటీలో గనులను నమ్ముకొని వచ్చినవారు కట్టిన ఇండ్లు, దుకాణములు, ప్రార్థనామందిరములు, సొరంగములు, రైలుదారి మున్నగునవి నేడు చారిత్రక స్థలముల జాతీయ పట్టికకు ఎక్కియున్నవి. పట్టికకు ఎక్కినంతమాత్రమున ఒక కట్టడము బ్రదుకునా? ఈ ప్రశ్న మనస్సున నుంచుకొని ఆ యూళ్లలో కొంతసేపు తిరుగుదము.

1859 జనవరిలో జార్జి జాక్సన్ అను నతడు ఈ వాగొడ్డున, ఇప్పటి ఐడహో స్ప్రింగ్స్ పట్టణమున్న తావున, ఇసుకలో బంగారము కనుగొనెను. వెంటనే జనము విరగబడిరి. మరి అయిదేండ్లకు ఎగువ కొండలలో వెండి బయటపడెను. ఆ వెండి పెంచిన జంటపట్టణములే జార్జిటౌన్, సిల్వర్ ప్లూమ్. మొదటిది సముద్రమట్టమునకు సుమారు 8,500 అడుగుల ఎత్తున, రెండవది 9,100 అడుగుల ఎత్తున నున్నవి. వాని నడుమ దూరము రెండు మైళ్లే. కాని రైలునకు ఆ రెండు మైళ్లే గండమైనవి. తిన్నగా పట్టాలు వేసినచో ప్రతి నూరడుగులకు ఆరడుగులు ఎక్కవలసివచ్చును. బరువుబండిని లాగు ఇంజనుకు అది దుస్సాధ్యము. ఇంజనీర్లు దారిని మెలికలు త్రిప్పి నాలుగున్నర మైళ్లు చేసిరి. ఎక్కుడు సగమునకు తగ్గెను. ఆ మెలికలలో ఒకచోట పట్టాలు చుట్టు తిరిగి వచ్చి, తాము వచ్చిన దారినే పైనుండి దాటును. అందుకై సుమారు 95 అడుగుల ఎత్తున, 300 అడుగుల పొడవున ఇనుపవంతెన కట్టి 1884లో ముగించిరి. పటముమీద వ్రేలితో ఈ దారిని గీచి చూచితిమి, రెండుమార్లు తప్పితిమి.

ఈ వైభవము పదేండ్లు నిలువలేదు. దాని పతనమునకు మన దేశముతో సంబంధము కలదన్న సంగతి మనలో పలువురకు తెలియదు. ఆ రోజులలో మన రూపాయి వెండినాణెము. ఎవరైనను వెండిని టంకశాలకు కొనిపోయి రూపాయలుగా ముద్రింపించుకొనవచ్చును. 1893 జూన్ 26న బ్రిటిషు ఇండియా ప్రభుత్వము ఈ సదుపాయమును రద్దుచేసెను. ప్రపంచమున వెండిని అమితముగా మ్రింగుచుండిన నోరు ఒక్కసారిగా మూతపడెను. కొద్దిదినములలో ధర కూలెను. కొలరాడోలో గనులు వరుసగా మూతపడెను. ఆ యేడు నవంబరులో అమెరికా ప్రభుత్వముకూడ, నెలకు 45 లక్షల ఔన్సుల వెండి కొనవలెనన్న తన 1890నాటి చట్టమును ఎత్తివేసెను. మన ముత్తాతల మొలసంచులలోని రూపాయికిని, ఆ మంచుకొండలలో పని పోయిన కూలివానికిని ఇట్టి ముడి యుండెను.

ఊళ్లు చిక్కిపోయెను. 1939లో వంతెనను విప్పి పాత ఇనుముక్రింద అమ్మివేసిరి. ఇండ్లు మాత్రము మిగిలెను. వానిని కూల్చి క్రొత్తవి కట్టుటకు ఎవరియొద్దను సొమ్ము లేకుండుటయే అందుకు ఒక కారణమని మా యభిప్రాయము. బీదరికము ఒక్కొక్కప్పుడు మంచి కావలివాడు. మరియొక కారణము, జార్జిటౌన్‌లో జీతములేక పనిచేసిన అగ్నిమాపక దళములు. సిల్వర్ ప్లూమ్ అంగడివీధి 1884లో కాలిపోయినది; జార్జిటౌన్‌కు అట్టి యాపద రాలేదు. అందుచేతనే అచ్చట నేటికిని 200కు పైగా పాతకట్టడములు నిలిచియున్నవి. వెండివ్యాపారి హామిల్‌గారి మేడ వానిలో నొకటి. ఆ మేడ పెరటి మరుగుదొడ్డిలో యజమాని కుటుంబమునకు అక్రోటు కొయ్య పీఠములు, పనివారికి చవుక పైను కొయ్య పీఠములు వేరువేరుగా నున్నవి. నాటి సమాజమును గూర్చి ఒక గ్రంథము చెప్పునంత ఆ పీఠములు చెప్పుచున్నవి.

ఇక హోటల్ డి పారిస్. అమెరికా సైన్యమునుండి పారిపోయి, పేరు మార్చుకొన్న లూయీ డూపీ అను ఫ్రెంచివాడు గనిలో కూలిగా చేరి, 1873లో ప్రేలుడువలన గాయపడెను. ఊరివారు చందాలు వేసికొని ఆదుకొనిరి. 1875లో అతడు తెరచిన భోజనశాల ఆ కొండలలో పేరుమోసినది. అతడు 1900లో మరణించెను. 1954లో ఒక మహిళాసంఘము ఆ భవనమును కొని కాపాడినది. నేడు మనము పేర్కొను జాతీయ పరిరక్షణ చట్టము వచ్చినది 1966లో. అనగా చట్టముకంటె పండ్రెండేండ్లు ముందుగా ఆ స్త్రీలు మేల్కొనిరి.

1966లోనే ఈ జంటపట్టణములు జాతీయ చారిత్రక ప్రదేశముగా ప్రకటితమైనవి. అయితే ఆ ప్రకటన అర్థమును పొరబడరాదు. సొంతదారు తన సొమ్ముతో తన ఇల్లు కూల్చుకొనదలచినచో జాతీయ పట్టిక అడ్డుపడదు. కేంద్రప్రభుత్వము తాను చేయు, లేక ధనమో అనుమతియో ఇచ్చు పనులవలన అట్టి స్థలములకు కలుగు హానిని ముందుగా విచారింపవలెనన్నదే ఆ చట్టపు ముఖ్యనియమము. సొంతదారు చేతిని పట్టుకొనగలది ఊరి పురపాలకసంఘము చేసికొన్న కట్టుబాటు మాత్రమే. మన దేశమున కేంద్ర రక్షిత కట్టడముల చుట్టు నూరు మీటర్లలో క్రొత్త నిర్మాణమును నిషేధించు నియమమునకు అలవాటుపడిన మనకు ఇది వింతగా తోచును.

పోయిన వంతెనను 1984లో తిరిగి కట్టిరి. రైలు మరల నడచుచున్నది. చూడ ముచ్చటయే. కాని ఆ యినుము 1884నాటిది కాదు.

మిగిలినది వాగు సంగతి. ఐడహో స్ప్రింగ్స్‌లో ఆర్గో సొరంగము కలదు. 1893లో మొదలిడి 1910లో ముగించిన ఈ సొరంగము కొండ క్రిందుగా నాలుగు మైళ్లకు పైగా పోయి, పలు గనుల నీటిని బయటికి తోడెడిది. 1943 జనవరి 19న పనివారు ప్రేలుడు జరుపగా, పాతగనిలో నిలిచియున్న నీరు విరుచుకొనిపడి నలుగురు మరణించిరి. 1978లో దీనిని చారిత్రక పట్టికలో చేర్చిరి. 1983లో ఈ గనుల ప్రాంతమంతయు మరియొక పట్టికకు ఎక్కెను. అది విషకలుషిత స్థలముల పట్టిక. కొండలోని గంధకపు ఖనిజమును గాలియు నీరును తాకగా ఆమ్లము పుట్టి, లోహములను కరగించుకొని వాగులో కలియుచుండెను. దిగువనున్న పట్టణములు త్రాగునది ఆ వాగు నీరే. 1998లో సొరంగపు నోటివద్ద శుద్ధి యంత్రాగారమును నెలకొల్పిరి. అందులో క్షారము కలిపి, లోహములను అడుగునకు దింపి, తేరిన నీటిని వాగులోనికి వదలుచున్నారు. సొరంగమునుండి నీరు కారుచున్నంతకాలము ఈ పని జరుగవలసినదే.