క్వాంటం ప్రయోగాలు – అజ్ఞాతసత్తా విచారం

అద్వైతులు వ్యవహారదశలో ఘటపటాదులకు అజ్ఞాతసత్తను అంగీకరిస్తారు. ఎవరూ చూడకున్నను కుండ ఉన్నది. శుక్తిరజతానికి మాత్రం ప్రతీతి ఉన్నంతవరకే ఉనికి. దృష్టిసృష్టివాదులు ఈ రెండవ నియమాన్ని జగత్తంతటికీ విస్తరింపజేసినారు. ఆ వాదమే క్వాంటం సిద్ధాంతంచేత ప్రయోగపూర్వకంగా నిరూపితమైనదనే మాట పండితసభలలో వినవస్తుంటుంది. నిరూపితమైనది ఏది?

1935లో ఐన్‌స్టీన్, పొడోల్‌స్కీ, రోజెన్ ఒక పూర్వపక్షం చేసినారు. పూర్వసంబంధం గల రెండు కణాలు దూరమైన పిమ్మట, ఒకదానిని కొలిచినంతనే రెండవదాని ఫలితాన్ని నిశ్చయంగా చెప్పవచ్చును. రెండవదానిని తాకనేలేదు గనుక ఆ గుణం దానియందు ముందే ఉండవలెను. దానిని చెప్పజాలని సిద్ధాంతం అసంపూర్ణం. మన పరిభాషలో, కొలవని గుణానికి అజ్ఞాతసత్త కలదని వారి పక్షం.

దీనిని పరీక్షకు తెచ్చినవాడు జాన్ బెల్. గుణాలు ముందే ఉండి, ఒకచోటి కొలత దూరస్థఫలితాన్ని తక్షణం మార్చజాలదంటే, ఫలితాల పరస్పరసంబంధానికి ఒక హద్దు తప్పదని ఆయన 1964లో చూపినాడు. 1969లో ఏర్పడిన రూపంలో ఆ హద్దు 2. క్వాంటం గణితం సుమారు 2.83 వరకు అనుమతిస్తుంది. 1982లో ఫ్రాన్సులో ఆస్పె బృందం హద్దు దాటుటను చూపినది. 2015లో డెల్ఫ్ట్ నగరంలో 1.3 కిలోమీటర్ల ఎడంగల ఎలక్ట్రానులపై 2.42 లభించినది. ఇట్టి ప్రయోగాలకే 2022లో ఆస్పె, క్లౌజర్, జైలింగర్‌లకు నోబెల్ బహుమతి వచ్చినది.

ఇక్కడ సిద్ధించినది ఉభయాభావం మాత్రమే. భూతలంపై ఘటమున్నను పటం లేనప్పుడు 'రెండూ లేవు' అనుట నైయాయికులకు సమ్మతం. అంతమాత్రాన ఘటాభావం సిద్ధించదు. అట్లే 'పూర్వసిద్ధగుణం, దూరప్రభావరాహిత్యం' అను జంట నిలువదని తేలినదే కాని, వానిలో లోపించినదేదో ప్రయోగం చెప్పదు. డేవిడ్ బోమ్ 1952లోనే మొదటిదానిని, కణాల స్థానాల విషయంలో, నిలుపుకొని రెండవదానిని విడిచినాడు. కొలతదిశల ఎన్నిక కణస్థితికి అధీనం కాదనే మూడవ అంగాన్ని ప్రశ్నించువారూ కొందరున్నారు.

'ద్రష్ట' అను పదం మరింత చిక్కు తెచ్చినది. ఈ ప్రయోగాలలో ఫలితాన్ని గ్రహించినది యంత్రం. బెల్ వాదంలో సాక్షిచైతన్యం హేతువుగా ఎక్కడా రాదు. ష్రోడింగర్ ఉపనిషత్తులను ఆదరించినమాట నిజమే, కాని ఆయన సమీకరణం వానిపై ఆధారపడలేదు. పైగా సందేహం ధర్మాన్ని గూర్చియే, ధర్మిని గూర్చి కాదు. కొలతకు ముందు ఎలక్ట్రాను లేదని ఈ ప్రయోగాలు చెప్పలేదు. శుక్తిరజతంలో మిథ్య అనబడునది ధర్మియైన రజతమే.