సెల్‌ఫోనులోని చిప్పులు

రేడియో ఉన్న ఇండ్లవారిలో పలువురకు ఈ అనుభవము కలిగియుండును. సాయంకాలము వార్తలు వినుచుండగా, అకస్మాత్తుగా పెట్టెలోనుండి 'టిక్, టిటిక్, టిటిక్' అని తెగితెగి యొక చప్పుడును, దాని వెంట 'బర్‌ర్' మని యొక మ్రోతయు వినవచ్చును. రెండు మూడు క్షణములు గడచునో లేదో, ప్రక్కనున్న సెల్‌ఫోను మ్రోగును. 2000వ సంవత్సరము తరువాత కొన్నేండ్లపాటు మా యింట ప్రతిదినము ఇదే తంతు. రేడియో చెడిపోయినదని తలచి, దానిని బాగుచేయువానియొద్దకు మేము రెండు మార్లు మోసికొని పోతిమి. ఆతడు విప్పి చూచి, "ఇందులో రిపేరేమీ లేదండీ. మీ ఫోను కాస్త దూరంగా పెట్టుకోండి, చాలు" అని చెప్పి, డబ్బు పుచ్చుకొనకయే పంపివైచెను.

ఆతడు చెప్పినది సత్యమే. కాని ఆ మాట మాకొక సందేహమును పుట్టించినది. మనిషి మాట ఎడతెగక సాగునది గదా! దానిని మోయు ఫోను ఏల ఇట్లు తెగితెగి పలుకవలెను? ఈ సందేహమునకు సమాధానము వెదకినచో, తొలినాటి డిజిటల్ సెల్‌ఫోనుల లోపల చిప్పులు చేయు పని యంతయు బయటపడును.

ఆ ఫోనులలో అధికభాగము జి.ఎస్.ఎం. అను పద్ధతికి చెందినవి. 1991 జూలై 1వ తేదీన ఫిన్లండు దేశమున ఈ పద్ధతిపై తొలి వాణిజ్య సంభాషణ జరిగినది. ఆ దేశపు మాజీ ప్రధాని హారి హోల్కెరి టాంపెరె నగరపు ఉపమేయరు కారీనా సువోనియోతో మాటాడెను. మన దేశమున 1995 జూలై 31వ తేదీన పశ్చిమ బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాటాడుటతో సెల్‌ఫోను సేవ ఆరంభమైనది.

ఈ పద్ధతికి మూలము వంతులు. కాలువ నీటి వంతుల సంగతి మన రైతులకు చక్కగా తెలియును. కాలువ ఒకటే, పొలములు అనేకములు. ఎవరి వంతు వచ్చినపుడు వారు తూము ఎత్తుదురు. వంతు తీరగనే దింపుదురు. ముందుగా ఎత్తినను, ఆలస్యముగా దింపినను పొరుగువాని చేనికి నీరు తగ్గును. జి.ఎస్.ఎం.లో కాలువ యనగా రేడియో తరంగము. 900 మెగాహెర్ట్జ్ ప్రాంతమున ఈ పద్ధతికి మొదట కేటాయించిన పట్టీలో 124 దారులు మాత్రమే కలవు. దూరముగానున్న టవర్లవద్ద అవే దారులను మరల వాడవచ్చును గాని, దారి కొక్కరే చొప్పున మాటాడినచో పెద్ద నగరమునకు అవి యేమూలకును చాలవు. కావున ఒక్కొక్క దారిని కాలమును బట్టి ఎనిమిదిమందికి పంచిరి. 4.615 మిల్లీసెకనులు ఒక ఆవృత్తి. అందు ఎనిమిది వంతులు. ఒక్కొక్క వంతు 577 మైక్రోసెకనులు మాత్రమే.

మన ఫోను తన వంతు రాగానే ప్రసారము చేసి, మిగిలిన ఏడు వంతుల కాలము ప్రసారమును ఆపివేయును. ఇట్లు సెకనుకు సుమారు 217 మార్లు జరుగును. ఇంత దగ్గరనుండి వెలువడి, ఆగి, మరల వెలువడు ఈ శక్తి రేడియోలోని ధ్వనివర్ధకపు తీగలలో ప్రవేశించి, అచ్చటి ట్రాన్సిస్టర్ల వలన వినదగిన శబ్దముగా మారును. 'బర్‌ర్' మను మ్రోత యదియే. దానికి ముందు వినవచ్చు 'టిక్, టిటిక్' చప్పుడు, గంట మ్రోగక పూర్వము ఫోను టవరుతో జరుపు చిన్న సంప్రదింపుల వలన కలుగునది.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చినది. మాట ఎడతెగనిది, మనకు దొరకు కాలము ఎనిమిదింట ఒక పాలు. నిండు ధారను ఆ చిన్న పాత్రలలో తొలకకుండ నింపి, ఆవలి గట్టున మరల ధారగా పోయవలెను. ఈ పనిని చేయునవియే చిప్పులు.

చిప్పనగా సిలికాన్ అను పదార్థపు చిన్న పలక. దానిపై ట్రాన్సిస్టర్లు, వాటిని కలుపు తీగలు అన్నియు ఒకేసారి అచ్చువేసినట్లు ఏర్పడియుండును. దీనినే సమాకలిత వలయమందురు. 1958లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో జాక్ కిల్బీ దీని తొలి నమూనాను చేసెను. మరుసటి సంవత్సరము రాబర్ట్ నోయిస్ సిలికాన్‌పై దీనిని సులభముగా తయారుచేయు మార్గమును కనుగొనెను. మన పాత ట్రాన్సిస్టరు రేడియోలో ఆరేడు ట్రాన్సిస్టర్లుండెడివి. సెల్‌ఫోను చిప్పులలో అవి లక్షల సంఖ్యలో ఉండును.

1990ల నడిమి కాలమున అనలాగ్ డివైసెస్ అను అమెరికా సంస్థ ఎ.డి.20 ఎం.ఎస్.పి.410 అను పేర, ఫోనులు చేయువారికి మూడు చిప్పుల జట్టునొకదానిని అందించెను. ఇట్టి జట్టునకే చిప్‌సెట్ అని పేరు. మొదటిది మార్పిడి చిప్పు. రెండవది లెక్కల చిప్పు. మూడవది నియంత్రణ చిప్పు. పొరుగూరి కళాశాలలో చదువుకొనుచున్న కుమారుడు ఫోనులో "అమ్మా!" అని పిలిచెననుకొందము. ఆ పిలుపు వెంట మనమును పోయి చూతము.

మైక్రోఫోనునుండి వచ్చు విద్యుత్తు మాటతోపాటు హెచ్చుచు తగ్గుచు నుండును. మార్పిడి చిప్పు దానిని సెకనుకు 8,000 మార్లు కొలిచి, ప్రతి కొలతను అంకెగా వ్రాయును. అంకె యనగా సున్నలు, ఒకట్లు, వీటిని బిట్లందురు. ఒక్కొక్క కొలతకు 13 బిట్లు. కావున సెకనుకు 1,04,000 బిట్లు. ఇంత బరువు మన చిన్న పాత్రలో ఇమడదు.

అప్పుడు లెక్కల చిప్పు అందుకొనును. అది మాటను 20 మిల్లీసెకనుల ముక్కలుగా తీసికొని, ఒక్కొక్క ముక్కను పరీక్షించును. మానవుని కంఠము సన్నాయి వంటిది. ఊదిన గాలి యొకటి. దానికి రూపమిచ్చు గొట్టము మరియొకటి. నోరు, నాలుక, పెదవులు ఈ గొట్టము వంటివి. ఇవి 20 మిల్లీసెకనులలో ఎక్కువగా కదలజాలవు. కావున చిప్పు ధ్వనినంతటిని పంపక, ఆ ముక్కలో గొట్టము ఏ ఆకారమున నున్నది, స్వరము ఏ శ్రుతిలో మరల మరల వచ్చుచున్నది, ఇంకను మిగిలిన శేషమేమి అను వివరములను మాత్రమే లెక్కకట్టును. ఆ వివరములన్నియు 260 బిట్లలో ఇమిడిపోవును. సెకనుకు 13,000 బిట్లు. బరువు ఎనిమిదింట ఒక పాలైనది! కుమారుని గొంతు బదులు, ఆ గొంతును మరల చేయుటకు వలయు వివరపత్రము ప్రయాణమునకు సిద్ధమైనది.

కాని గాలిలో దారి నమ్మదగినది కాదు. గోడలు అడ్డువచ్చును; బస్సులు అడ్డువచ్చును. అందుచే ప్రయాణమునకు ముందు మూట కట్టవలెను. ఊరికి పోవునపుడు మనము బంగారమును పెట్టెలో పెట్టి తాళము వేయుదుము. బట్టలను మూట కట్టుదుము. చీపురును ఊరకయే బండిలో పడవేయుదుము. అట్లే 260 బిట్లలో అతి ముఖ్యమైన 50 బిట్లకు గట్టి కాపును, తరువాతి 132 బిట్లకు మధ్యమమైన కాపును పెట్టి, తక్కిన 78 బిట్లను కాపు లేకయే పంపుదురు. ఈ కాపు వలన 260 బిట్లు 456 బిట్లగును. అంతటితో తృప్తిపడక, వాటిని 57 బిట్ల చొప్పున ఎనిమిది భాగములు చేసి, ఎనిమిది వేర్వేరు వంతులలో చల్లుదురు. ఒక వంతు దారిలో పాడైనను, మాటలో ఒక తునక పోవుటకు బదులు అచ్చటచ్చట కొన్ని బిట్లు మాత్రమే పోవును. వాటిని కాపు బిట్ల సాయముతో మరల లెక్కకట్టి తెచ్చుకొనవచ్చును.

అవతలి వైపున వినునపుడు మరియొక చిక్కు కలదు. ఒకే తరంగము మేడలకు, కొండలకు తగిలి, ముందు వెనుకలుగా పలుమార్లు చేరును. అది బావిలో పలికిన మాటవలె కలగాపులగమగును. దీనికై ప్రతి వంతు నడుమను ముందుగా ఇరువైపులవారికిని తెలిసిన 26 బిట్లను ఉంచుదురు. ఆకాశవాణి ప్రాతఃకాలపు సంకేత సంగీతము మనకందరకు కంఠస్థమే గదా! అది బొంగురుగా వినవచ్చినచో లోపము సంగీతములో లేదు, కేంద్రమును పట్టుటలోనున్నదని గ్రహించి, మనము ముల్లును సవరింతుము. లెక్కల చిప్పును అట్లే చేయును. తెలిసిన 26 బిట్లు ఎట్లు వంకరపోయినవో చూచి, ఆ వంకరను బట్టి తెలియని బిట్లను సరిదిద్దుకొనును.

ఈ పనులన్నిటికి వేళ తప్పరాదు. వేళను కాచునది నియంత్రణ చిప్పు. మాటకు మూట కట్టుటయు, టవరుతో మర్యాదలు నడపుటయు, మీటలు నొక్కినపుడు పలుకుటయు దీని పనులే. ఫోనులో సెకనుకు 1,30,00,000 మార్లు కొట్టుకొను స్ఫటిక గడియార మొకటి కలదు. చలికిని వేడికిని అది కొంత తప్పును. అందుచే టవరు గడియారమును వినుచు, కోటిలో ఒక పాలు తేడా యైనను మించకుండునట్లు దానిని దిద్దుకొనుచుండవలెను. టవరునకు దూరముగానున్న ఫోను మాట చేరుటకు ఆలస్యమగును గావున, అది తన వంతునకు కొంచెము ముందుగనే పలుకవలెనని టవరు ఆజ్ఞాపించును. ఈ సవరణకు ఒక హద్దు కలదు. అందుచేతనే, ఎంత ఎత్తైన టవరైనను, సాధారణముగా 35 కిలోమీటర్లకు ఆవలనున్న ఫోనుకు జి.ఎస్.ఎం.లో చోటు లేదు. తూమును కూడ ఒక్కసారిగా ఎత్తరాదు. ప్రసారశక్తిని కొన్ని మైక్రోసెకనులలో మెల్లగా పెంచి, మెల్లగా దింపవలెను. లేనిచో ప్రక్క దారులలో అలజడి పుట్టును.

వంతుల వలన పొరుగువారికే గాక మనకును లాభము కలదు. మాటాడనప్పుడు ఫోను చాలవరకు నిద్రించును. అర సెకనుకో, రెండు సెకనులకో ఒకసారి మేలుకొని, తన్నెవరైన పిలిచిరా యని విని, మరల కన్ను మూయును. బ్యాటరీ నిలుచుట యీ నిద్ర వలననే.

ఈ జట్టు కాలక్రమమున కుదించుకొనిపోయినది. 1992లో వచ్చిన నోకియా 1011 బరువు 475 గ్రాములు. 1990ల చివర వచ్చిన నోకియా 6110 వంటి ఫోనులలో లెక్కల భాగమును, నియంత్రణ భాగమును ఒకే చిప్పుపై చేరినవి. రేడియో భాగమును మాత్రము చాలకాలము వేరుగనే ఉంచిరి; ఏలయన, అంకెల చిప్పులో పుట్టు అలజడి సన్నని రేడియో సంకేతమును ముంచివేయును. 2000ల నడిమి నాటికి ఆ చిక్కును కూడ దాటి, అన్నిటిని ఒకే పలకపై చేర్చిన చిప్పులు వచ్చినవి. ప్రసారశక్తిని పెంచు భాగము మాత్రము సాధారణముగా వెలుపలనే నిలిచినది.

భాగములు తగ్గిన కొలది అతుకులు తగ్గినవి. అతుకులు తగ్గిన కొలది ధర తగ్గినది. 2003లో వచ్చిన నోకియా 1100 వంటి చవుక ఫోనులు కోట్లకొలది అమ్ముడుపోయినవి. ఇందు చిప్పుల కీర్తి యొకటియే కాదు. మన దేశమున మొదట ఫోను చేసినవారే గాక అందుకొన్నవారును డబ్బు చెల్లింపవలసి వచ్చెడిది. 2003 మే నెలనుండి అందుకొను పిలుపులు ఉచితమైనవి. ఈ రెండును కలిసినందుననే చేలో నున్న రైతు చేతికిని, గంపతో నడచు చేపలమ్మ కొంగుముడికిని ఫోను చేరినది. ట్రాన్సిస్టరు పూర్వము రేడియోను మేడనుండి పొలము గట్టునకు దింపిన రీతిగనే, చిప్పు టెలిఫోనును దింపినది.

ఇక ఆ పిలుపు ఏమైనది? ఆవలి వైపున ఆ వివరపత్రమును చదివి, చిప్పు కంఠమును మరల నిర్మించును. ఈ తతంగమంతయు ముగియుటకు సెకనులో సుమారు పదవ భాగము పట్టును. తల్లి విన్నది కుమారుని గొంతు కాదు. ఆ గొంతును చూచి లెక్కలు వ్రాసికొన్న యంత్రము మరల పలికిన గొంతు. ఐనను ఆమె తన బిడ్డను గుర్తుపట్టును. జలుబు చేసినదని కూడ పోల్చును. అంత వరకు నిజమును చెడకుండ చేర్చుటలోనే ఆ లెక్కల గొప్పతనమున్నది.

తరువాతి తరముల ఫోనులలో ప్రసార పద్ధతి మారుటచే, రేడియోలో ఆ చప్పుడు ఇప్పుడు అరుదైనది. ఎప్పుడైన పాత ఫోనొకటి ప్రక్కనుండి వినవచ్చినచో, రేడియోను విసుగుకొనవలదని మా మనవి. అది లోపము కాదు. ఎనిమిదిమందికి ఒకే కాలువగల ఊరిలో, తన వంతు రాగానే ఎవరో తూము ఎత్తుచున్న సవ్వడి యది.