లాభమెంత అని అడిగిన జ్ఞాని

ఇల్లు కట్టడం, బిడ్డలకు చదువు చెప్పించడం, పెళ్లిళ్లు జరిపించడం... బాధ్యతలన్నీ ఒక్కొక్కటిగా తీరి, పదవీ విరమణ కూడా అయిపోయాక ఏదో ఒక సాయంవేళ మనసు మనల్ని నిలదీస్తుంది. ఇంత శ్రమ ఎందుకు పడినట్టు? చివరికి మిగిలిందేమిటి? మన ఋషులు ఈ ప్రశ్నను అరణ్యాలలో కూర్చుని విచారించారు. క్రీస్తుకు కొన్ని శతాబ్దాల పూర్వం పశ్చిమాసియాలోని యూదుల దేశంలోనూ ఒక జ్ఞాని ఇదే ప్రశ్న వేసుకున్నాడు. అయితే ఆయన అడిగిన తీరు ఆశ్రమవాసిది కాదు. పొద్దుపోయాక దుకాణం కట్టేసే ముందు చిట్టా తెరిచి కూర్చున్న వర్తకుడిది. జీవితకాలపు పాటుకు నికరంగా మిగిలే లాభం ఎంత అన్నదే ఆయన విచారణ.

ఆయనను హీబ్రూ భాషలో ‘కొహెలెత్’ అంటారు. జనాన్ని సమావేశపరచడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన మాట అది. తెలుగు బైబిలులో ఆయన గ్రంథం పేరు ‘ప్రసంగి’. 12 అధ్యాయాల చిన్న పుస్తకం. హీబ్రూ పవిత్ర గ్రంథాలలో జ్ఞాన సాహిత్యంగా పేరుపొందినవి ప్రధానంగా మూడు. సత్ప్రవర్తనకు సత్ఫలితం ఉంటుందని ‘సామెతలు’ బోధిస్తుంది. మరి సత్పురుషుడికి కష్టాలెందుకని ‘యోబు’ మొరపెడుతుంది. ఏ ఆపదా రాకుండా సకల భోగాలూ అనుభవించినవాడికి మాత్రం చివరికి ఒరిగేదేమిటని ‘ప్రసంగి’ అడుగుతుంది. నిజానికి మూడింటిలోనూ ఇదే కఠినమైన ప్రశ్న. దుఃఖంలో ఉన్నవాడికి కనీసం సుఖం వస్తుందన్న ఆశ ఉంటుంది. సుఖాన్ని చూసేసినవాడికి ఆ ఆశా లేదు.

గ్రంథకర్త తనను దావీదు కుమారుడిగా, యెరూషలేము రాజుగా చెప్పుకుంటాడు. అందుకే సంప్రదాయం ఆయనను సొలొమోను చక్రవర్తిగా భావించింది. నేటి పండితులలో అత్యధికులు గ్రంథం అంతకన్నా చాలా తరువాతిదనీ, క్రీ.పూ. 5-3 శతాబ్దాల మధ్య వెలసి ఉంటుందనీ అంటారు. వారు చూపే ఆధారాలలో ఒకటి ముచ్చటైనది. రాజు తాను నాటించిన ఉద్యానవనాలను చెప్పేటప్పుడు ‘పర్దేస్’ అనే మాట వాడతాడు. అది పారశీక భాష నుంచి వచ్చిన పదం. సొలొమోను కాలమైన క్రీ.పూ. 10వ శతాబ్దంలో ఆ మాట హీబ్రూలోకి వచ్చే వీలు లేదు. ఏతావతా ఎవరో ఒక జ్ఞాని సొలొమోను వేషం ధరించి మాట్లాడాడని అనుకోవాలి. ఆ వేషం ఎందుకంటే, భోగాలను గురించి తీర్పు చెప్పే అర్హత భోగాలు లేనివాడికి ఎక్కడిది?

రెండవ అధ్యాయంలో ఈ రాజు తన హృదయంపై తానే ఒక పరీక్ష జరుపుతాడు. మద్యంతో శరీరాన్ని అలరించి చూశాడు. భవనాలు కట్టించాడు. ద్రాక్షతోటలు వేయించాడు. వనాలకు నీరందేలా కొలనులు తవ్వించాడు. దాసదాసీజనం, పశుసంపద, వెండి బంగారాలు, గాయనీగాయకులు - కన్ను కోరినది దేన్నీ కాదనలేదు. విచిత్రమేమంటే, ఇంత చేస్తూ కూడా తన వివేకాన్ని మాత్రం మత్తులో పడనివ్వలేదట. పరీక్ష ముగిశాక వెనుదిరిగి చూసుకుంటే చేతిలో ఏమీ లేదు.

ఇక్కడ మనకు యయాతి గుర్తుకు రాకమానడు. కుమారుడైన పూరుని యౌవనాన్ని తీసుకుని వెయ్యేళ్లు భోగాలు అనుభవించి, కోరిక తీరేది కాదని గ్రహించి, ఆ యౌవనాన్ని తిరిగి ఇచ్చివేసిన మహాభారత మహారాజు ఆయన. కానీ యయాతికి తపోవనం ఉంది. స్వర్గం ఉంది. కొహెలెత్‌కు ఆ దారి లేదు. పునర్జన్మ, మోక్షం అనే భావాలు ఆయన గ్రంథంలో కనిపించవు. మృతుల లోకమైన ‘షియోల్’లో పనీ లేదు, జ్ఞానమూ లేదంటాడు. ఉన్నదంతా ఈ పుట్టుకకూ ఈ చావుకూ నడుమనే తేలాలి. మన గ్రంథాలతో పోలికలు వెతికేవారు ఈ తేడాను చూడకుండా దాటవేస్తే ఆ జ్ఞానికి అన్యాయం చేసినట్టే.

ఆయన వేదనకు మరొక కారణం వారసత్వం. గృహస్థుల గుండెలో ముల్లులా గుచ్చుకునే చోటు ఇది. తాను చెమటోడ్చి కూర్చినదంతా ఒకనాడు మరొకరి పాలవుతుంది. ఆ వచ్చేవాడు బుద్ధిమంతుడో, అవివేకో చెప్పలేం. మరోచోట కొడుకు గానీ తోడబుట్టినవాడు గానీ లేని ఒంటరి మనిషి కనిపిస్తాడు. రాత్రింబవళ్లు సంపాదిస్తూనే ఉంటాడు గానీ, ఎవరికోసం ఈ సుఖం చంపుకుంటున్నానని ఒక్కనాడూ తనను తాను అడగడు. కీర్తి అయినా నిలుస్తుందా అంటే, ముట్టడిలో చిక్కిన చిన్న పట్టణాన్ని తన తెలివితో కాపాడిన పేదవాడి కథ చెబుతాడు. ఆ పేదవాణ్ణి తరువాత ఎవరూ తలచుకోలేదు.

ఈ సమస్తానికీ ఆయన పెట్టిన పేరు ‘హెవెల్’. గ్రంథంలో ఆ మాట 38 సార్లు వస్తుంది. తెలుగు బైబిలు దానిని ‘వ్యర్థం’ అన్నది. మూలార్థం మాత్రం ఊపిరి, ఆవిరి. చలికాలపు ఉదయాన నోటి నుంచి వెలువడే ఆవిరి అబద్ధం కాదు, అది కంటికి కనిపిస్తుంది. పట్టుకోబోతే దొరకదు. ఆదిమ దంపతుల కుమారులలో అన్న చేతిలో అకాలమరణం పాలైన హేబెలు పేరు కూడా హీబ్రూలో ఇదే మాట. ‘వ్యర్థం’ అనగానే లోకం పనికిమాలినదన్న ధ్వని వస్తుంది. ‘ఆవిరి’ అంటే లోకం నిలవనిదని మాత్రమే తోస్తుంది. నా మట్టుకు ఈ రెండవ అర్థంతో చదివినప్పుడే గ్రంథం నోరు విప్పింది.

లాభం అనడానికి ఆయన వాడిన పదం ‘యిత్రోన్’. ఖర్చులు పోగా మిగిలేది అని దాని భావం. హీబ్రూ బైబిలు మొత్తంలో ఆ మాట ఈ ఒక్క పుస్తకంలోనే ఉంది. అయితే గ్రంథం ముందుకు సాగేకొద్దీ మరొక పదం మెల్లగా పక్కకు వచ్చి కూర్చుంటుంది. అది ‘హేలెక్’, అంటే వంతు. ఇశ్రాయేలు గోత్రాలవారు దేశాన్ని పంచుకున్నప్పుడు ఒక్కొక్కరికి వచ్చిన భూభాగాన్ని కూడా ఆ మాటతోనే చెప్పారు. మిగులు ఎంత అని ఎన్నిసార్లు లెక్కవేసినా కొహెలెత్‌కు సున్నాయే వస్తుంది. వంతు ఉందా అంటే మాత్రం, ఉందంటాడు. ఆనాటి అన్నం ఆనందంగా తినడం, ఉతికిన తెల్లని బట్ట కట్టుకోవడం, తలకు నూనె రాసుకోవడం, ప్రేమించిన ఇల్లాలితో కాలం గడపడం, చేతికి దొరికిన పనిని శక్తికొద్దీ చేయడం. ఇదీ ఆయన చూపే వంతు. కూలివాడు తక్కువ తిన్నా ఎక్కువ తిన్నా సుఖంగా నిద్రపోతాడనీ, ధనికుడికి నిండిన కడుపే నిద్ర పట్టనివ్వదనీ ఆయన గమనించాడు.

పైపైన చూస్తే చార్వాకం అనిపించవచ్చు. కానీ ఈ వంతును ప్రస్తావించిన ప్రతి సందర్భంలోనూ దాదాపుగా ఇది దేవుని చేతినుంచి వచ్చినదని చేరుస్తాడు. మొక్కు మొక్కుకుంటే తీర్చాలి, తీర్చలేనప్పుడు మొక్కుకోకపోవడమే మేలని హెచ్చరిస్తాడు. బలవంతుల చేతిలో నలిగేవారి కన్నీరు తుడిచే నాథుడు లేడని కుమిలిపోతాడు. చివరి అధ్యాయంలో వార్ధక్యాన్ని పాడుబడుతున్న ఇంటితో పోల్చాడు. వణికే కావలివారు చేతులనీ, తగ్గిపోయిన తిరగలి పనివారు పళ్లనీ, మసకబారిన కిటికీలు కళ్లనీ, బాదం చెట్టు పూత నెరిసిన జుట్టనీ వ్యాఖ్యాతలు వివరించారు. ఆ ఇల్లు కూలేలోగా సృష్టికర్తను తలచుకోమని యువకులకు చెబుతాడు.

ఇంత సూటిగా మాట్లాడే పుస్తకాన్ని పవిత్ర గ్రంథాలలో చేర్చవచ్చునా అని ప్రాచీన యూదు ఆచార్యులే సంకోచించారు. హిల్లెల్ శిష్యులు సరేనన్నారు. షమ్మాయ్ శిష్యులు కాదన్నారు. మాటలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు గనుక దీనిని మరుగుపరచాలని ఒక దశలో పండితులు తలచినట్టు తాల్ముద్ చెబుతుంది. మొదలూ తుదీ ధర్మానికి అనుగుణంగా ఉన్నాయన్న కారణంతో ఉంచారట.

ఉంచడమే కాదు, దానికొక పండుగనూ కేటాయించారు. యూదుల పర్ణశాలల పండుగ ‘సుక్కోత్’ మన భాద్రపద, ఆశ్వయుజ పౌర్ణమిలలో ఏదో ఒకదానికి దగ్గరగా వస్తుంది. పంట ఇల్లు చేరి, గాదెలు నిండి, ఇదంతా నా కష్టార్జితమని మనిషి మురిసిపోయే కాలమది. ఆ వారం రోజులూ వారు పక్కా ఇళ్లు వదిలి, కొమ్మలూ ఆకులూ కప్పిన పందిరి కింద కూర్చుని భోజనం చేస్తారు. పైకి చూస్తే సందుల్లోంచి నక్షత్రాలు కనిపించేలా ఆ కప్పు వేసుకోవాలన్నది ఆచారం. ఆ పండుగలో వచ్చే శనివారం నాడు అష్కెనాజీ యూదుల ప్రార్థనాలయాల్లో కొహెలెత్ గ్రంథాన్ని మొదటినుంచి చివరిదాకా చదువుతారు. చదవడం అయ్యాక అందరూ పందిళ్ల కిందికి వెళ్లి, బంధుమిత్రులతో కలిసి అన్నానికి కూర్చుంటారు.