రైలుమార్గం వేసినవాడి పాట

ఒకే కథ అంటూ లేకుండా, చిన్న చిన్న దృశ్యాలను, నృత్యాలను, పాటలను, నడుస్తున్న రాజకీయాలపై విసుర్లను ఒక రాత్రి వినోదంగా కూర్చే రంగస్థల ప్రదర్శనను పాశ్చాత్య దేశాలలో ‘రెవ్యూ’ అంటారు. అది ఆనాటి వార్తల మీద, అభిరుచుల మీద ఆధారపడి నడిచేది కనుక త్వరగా పాతబడిపోతుంది. కానీ అందులోని పాటకు కథతో ముడి ఉండదు కాబట్టి, ప్రదర్శన ఆగిపోయినా పాట విడిగా బతకగలదు. 1932 అక్టోబరులో న్యూయార్క్‌లోని బ్రాడ్వేలో మొదలై కొన్ని వారాలకే ముగిసిన ‘అమెరికానా’ అనే రెవ్యూ పేరు నేటికీ వినిపిస్తున్నదంటే, అందుకు కారణం ‘బ్రదర్, కెన్ యు స్పేర్ ఎ డైమ్?’ అనే పాటే. డైమ్ అంటే పది సెంట్ల నాణెం.

1929లో షేర్ల మార్కెట్ కుప్పకూలిన తరువాత అమెరికాను కమ్ముకున్న మహామాంద్యంలో పనివారిలో దాదాపు నాలుగో వంతు మంది ఉపాధి కోల్పోయారు. పాట రాసిన యిప్ హార్‌బర్గ్ కూడా ఆ దెబ్బకు విద్యుత్ పరికరాల వ్యాపారం పోగొట్టుకుని గీతరచనలోకి వచ్చినవాడే. బాణీ కట్టిన జే గోర్నీ అప్పటి రష్యా సామ్రాజ్యంలోని బియాలిస్టాక్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరినవాడు. పసితనంలో విన్న ఒక జోలపాట ఈ బాణీకి మూలమైంది.

చేయి చాచిన మనిషిని చూపే పాటలు సాధారణంగా జాలిని కోరుతాయి. ఈ పాటలోని మనిషి మాత్రం తన కష్టాలను ఏకరువు పెట్టడు. తాను రైలుమార్గం వేశానని, ఆకాశాన్నంటే భవనం కట్టానని, సైనిక దుస్తులు ధరించి యుద్ధానికి వెళ్లానని గుర్తుచేసి, ఇంత చేసిన తాను రొట్టె కోసం వరుసలో ఎందుకు నిలబడవలసి వచ్చిందని అడుగుతాడు. పాట వచ్చిన 1932 జులైలోనే, తమకు రావలసిన బోనస్‌ను ముందుగా చెల్లించమని కోరుతూ వాషింగ్టన్‌లో గుడారాలు వేసుకున్న వేలాది మాజీ సైనికులను ప్రభుత్వం సైన్యంతో తరిమివేసింది కనుక, యుద్ధం ప్రస్తావన ఆనాటి శ్రోతలకు ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు. శ్రమించినవాడికి ఫలితంలో వాటా ఏదన్న ఆ ప్రశ్నలోనే పాట బలమంతా ఉంది, అది ఒక్క మాంద్యానికి పరిమితమైనది కాదు.

సంగీతం ఆ ప్రశ్నకు తోడు నిలిచింది. నాటి బ్రాడ్వే పాటలు ఎక్కువగా మేజర్ స్కేలులో, అంటే మన శంకరాభరణం స్వరాలను పోలిన వరుసలో సాగగా, ఈ పాట ప్రధానంగా మైనర్ స్కేలులో నడుస్తుంది. ఇందులో అంతర గాంధారం స్థానంలో సాధారణ గాంధారం వస్తుంది. కిందిస్థాయిలో, మాట్లాడుతున్నట్టు మొదలయ్యే గొంతు, సైన్యపు రోజులను తలచుకునే చోట కవాతు నడకను అందుకుని, చివరి భాగంలో పై స్థాయికి ఎగసి, ఎదుటివాడు తన పేరైనా గుర్తుపట్టాలని పట్టుబడుతుంది. పనుల జాబితాగా మొదలైన పాట ఒక మనిషి పేరు దగ్గరకు చేరడం హార్‌బర్గ్ రచనలోని గొప్ప నిర్ణయం.

1932లోనే బింగ్ క్రాస్బీ, రూడీ వాలీ దీనిని వేర్వేరుగా రికార్డు చేయగా రెండూ విశేషంగా అమ్ముడుపోయాయి. తరువాతి తరాలలో జూడీ కాలిన్స్, జార్జ్ మైకేల్ వంటివారు మళ్లీ పాడారు. మొదటి చరణం నుంచే దుఃఖాన్ని ఒలికించే గాయకుల దగ్గర ఈ పాట బిచ్చగాడి మొరగా కుంచించుకుపోతుంది. క్రాస్బీ మొదట్లో గొంతును అదుపులో ఉంచి, ఆ మనిషి గర్వాన్ని ముందు వినిపించి, చివరనే కోపాన్ని బయటపెట్టాడు కనుక, ఆయన గానమే ఇప్పటికీ కొలమానంగా నిలుస్తుంది.