చేసిన లెక్కనే మళ్ళీ చేయవలెనా?

కంప్యూటర్లు రాకపూర్వం మన అకౌంట్సు విభాగాలలో బల్లపై ఒక రెడీ రెక్నరు ఉండేది. ఎవరో ఒకసారి శ్రమపడి కట్టిన లెక్కలను పట్టికలుగా అచ్చువేసిన పుస్తకమది. గుమాస్తా గుణించనక్కరలేదు, వరుస వెదికి, అంకె చూచి వ్రాసుకొనేవాడు. నేడు సర్వరులపై పనిచేసే ప్రోగ్రాములలో అనుసరిస్తున్న 'క్యాషింగ్' అనే పద్ధతికి మూలసూత్రం ఇదే. 'దాచు' అనే అర్థంగల ఫ్రెంచి మాట నుండి ఈ క్యాష్ వచ్చింది. రొక్కానికీ దీనికీ చుట్టరికం లేదు. నగదు విభాగపు మిత్రులు గమనించగలరు.

ఒక ఫంక్షను తానిచ్చిన జవాబును తానే జ్ఞాపకముంచుకోవాలన్న భావనను ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ మిచీ 1968లో 'నేచర్' పత్రికలో వివరించారు. అట్టి వాటిని ఆయన 'మెమో ఫంక్షన్లు' అన్నారు. దీని ప్రయోజనం ఫిబొనాచీ శ్రేణిలో చక్కగా కనబడుతుంది. (మన ఛందశ్శాస్త్రజ్ఞులు విరహాంకుడు, హేమచంద్రుడు ఆయనకు ముందే ఎరిగిన శ్రేణి ఇది.) ప్రతి సంఖ్యా తనకు ముందున్న రెండింటి మొత్తం. సున్న, ఒకటి స్థానాల విలువలు మాత్రమే ముందుగా తెలిపి, 30వ స్థానపు సంఖ్యను ఈ నిర్వచనం ప్రకారమే కట్టమంటే ఫంక్షను 26,92,537 సార్లు పిలువబడుతుంది. వచ్చిన జవాబులను దాచుకొంటే 31 విలువలు ఒక్కొక్కసారి తెలుసుకొంటే చాలును.

ఇక మనకు దగ్గరి విషయానికి వద్దాం. పదవీ విరమణకు సిద్ధమవుతున్న ఉద్యోగి తనకు రాబోయే గ్రాట్యుటీ ఎంతో కంప్యూటరులో చూచుకొంటాడనుకొందాం. సూత్రం చిన్నదే: మూలవేతనం, కరువు భత్యం కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేయాలి. శ్రమంతా సర్వీసు లెక్కించడంలో ఉన్నది. ముప్పయి ఏళ్ళ రికార్డులు, సెలవులు, డిప్యుటేషన్లు తిరగవేయాలి. అతడు రోజుకు నాలుగుసార్లు చూచినా ప్రతిసారీ ఈ పనంతా చేయించడం వ్యర్థం. కనుక ఉద్యోగి సంఖ్య, విరమణ తేదీ కలిపి ఒక 'కీ'గా ఏర్పరచి, దాని క్రింద జవాబును మెమొరీలో ఉంచుతారు. అదే కీతో మరల అడిగితే డేటాబేసు జోలికి పోకుండా జవాబు వస్తుంది.

ఇంతవరకు ఎవరైనా వ్రాయగలరు. చిక్కు ఏప్రిల్ 1న వస్తుంది. ఐ.డి.ఎ. వేతన శ్రేణులలో కరువు భత్యం మూడు నెలలకొకసారి సవరించబడుతుందని పాఠకులకు తెలియనిది కాదు. మూలవేతనం 26,000 రూపాయలు, సర్వీసు 30 ఏళ్ళు గల వ్యక్తికి భత్యం రెండు శాతం పెరిగితే గ్రాట్యుటీ 9,000 రూపాయలు పెరుగుతుంది. మార్చిలో దాచిన జవాబును యంత్రం ఏప్రిల్‌లోనూ నిబ్బరంగా చూపుతూనే ఉంటుంది. ఎర్ర దీపం వెలగదు, గంట మ్రోగదు. ఆ అంకెను నమ్మి ఇంటి అప్పు తీర్చే ఏర్పాటు చేసుకొన్నవాని సంగతి ఏమి?

జవాబుకు గడువు పెట్టి, ఒక రోజు దాటగానే చెరిపివేయడం సులభమైన ఉపాయం. కాని ఆ రోజంతా తప్పు నిలిచే ఉంటుంది. అంతకంటే భత్యపు రేటును కూడా కీలో చేర్చడం మేలని నా అభిప్రాయం. రేటు మారితే ప్రశ్నే మారినట్లు. పాత జవాబు ఎవరికీ అందదు. చాలాకాలంగా ఎవరూ అడగని జవాబులను ముందుగా తొలగించే ఏర్పాటు ఉంటే, కొంతకాలానికి అదే తొలగిపోతుంది. అయితే సెలవు రికార్డును దిద్దినప్పుడు దాచిన జవాబును తప్పక చెరపాలి. దిద్దే ప్రోగ్రాము ఒక విభాగానిది, దాచే ప్రోగ్రాము మరొక విభాగానిది అయినచోట మరపు సహజం. నేను చూచిన పొరపాట్లలో అధికభాగం ఇక్కడివే.

కీలో ఉద్యోగి సంఖ్య జారిపోతే మరింత ముప్పు: ఒకరి లెక్క మరొకరికి కనబడుతుంది. 2015 డిసెంబరు 25న వీడియో ఆటలు విక్రయించే 'స్టీమ్' సేవలో ఇటువంటిదే జరిగింది. సర్వరులపై దాడిని తట్టుకొనేందుకు చేసిన క్యాషింగ్ ఏర్పాటులో పొరపాటు దొర్లి, సుమారు 34,000 మంది వ్యక్తిగత వివరాలున్న పేజీలు ఇతరులకు కనబడి ఉండవచ్చునని దానిని నిర్వహించే వాల్వ్ సంస్థ ప్రకటించింది.

అడిగిన ప్రతిసారీ ఏదో ఒక కార్యం జరిపే ఫంక్షన్లకు, అనగా ఉత్తర్వు పంపేవాటికి, అప్పు మంజూరు నమోదు చేసేవాటికి, ఈ పద్ధతి పనికిరాదు. దాచిన జవాబు వచ్చిందంటే ఆ కార్యం జరుగలేదన్నమాట.

చివరిగా రద్దీ మాట. రేటు మారిన ఉదయం పది గంటలకు దాచినవన్నీ ఒక్కసారిగా చెల్లకుండా పోతాయి, అందరూ అప్పుడే అడుగుతారు, డేటాబేసు కుదేలవుతుంది. అందుచేత త్వరలో విరమించనున్నవారి లెక్కలను ముందురాత్రే కట్టి ఉంచడం మంచిది. ఒకే కీ కోసం పదిమంది వచ్చినప్పుడు మొదటివానిచేత లెక్క కట్టించి, మిగిలిన తొమ్మిదిమందిని ఆ జవాబు వచ్చేవరకు నిలిపి ఉంచాలి. వారు వేచి ఉండేది రెండు మూడు క్షణాలే.