బట్టలోకి దిగని సూది

స్వీడిష్ వీవింగ్‌తో తువ్వాలు, దిండు గలేబు, దుప్పటి. డిజైన్ ఎవరిదైనా, లెక్కా అక్షరమూ మీ ఇంటివి కావచ్చు.

సంపాదకుడు చెప్పింది రెండు ముక్కలే. ఇంటికి అందం తెచ్చే చేతిపని ఒకటి చూడాలి, బొమ్మలు నిండుగా ఉండాలి. శుక్రవారానికి పేజీలు కట్టేయాలి. స్వీడిష్ వీవింగ్ అంటే బొమ్మలకు కొదవేముంది! సోఫా వీపున పరిచిన దుప్పట్లు, వాటి నిండా వజ్రాలు, అలలు, నక్షత్రాలు. వాటిని ఏరుతూ కూర్చుంటే, అన్నిటికంటే ఎక్కువసేపు నన్ను కదలనివ్వనిది రంగే లేని ఒక కాగితం: డిజైన్ చార్టు. పొట్టి నిలువు గీతలు వరుసలుగా ఉంటాయి. వాటి మధ్య ఎక్కుతూ దిగుతూ ఒకే ఒక్క గీత సాగుతుంది. మధ్యలో బాణం గుర్తు, పక్కన ‘వెడల్పుకు రెండున్నర రెట్లు’ లాంటి దారం కొలత. అంతే. దాన్ని చదవడం వస్తే మార్చడం వస్తుంది. మార్చడం వచ్చిన రోజున ఆ దుప్పటి నిజంగా మీది. అందుకే ఈ వారం ఎక్కువ చోటు ఆ కాగితానికే.

చార్టు చెప్పే సంగతి

మామూలు ఎంబ్రాయిడరీలో సూది బట్టను పొడుచుకుని అవతలికి వెళ్లి మళ్లీ పైకొస్తుంది. ఇక్కడ ఆ పొడవడమే లేదు. ఈ పనికి వాడే బట్ట నేతలోనే కొన్ని పడుగు పోగులు పేక మీదుగా పైకి తేలి ఉంటాయి. వాటినే ఫ్లోట్లు అంటారు. మొద్దు మొన ఉన్న సూదిని ఆ ఫ్లోట్ల కిందుగా దూర్చి లాగుతూ పోవడమే కుట్టు. పని అయ్యాక బట్ట తిరగేస్తే అవతలివైపు రంగు జాడే కనిపించదు.

చార్టులో ఒక్కో పొట్టి గీత ఒక్కో ఫ్లోట్. వాటి గుండా సాగే గీత మన దారం. ఒకే వరుసలో అడ్డంగా పోతే అది తిన్నని కుట్టు. పై వరుస ఫ్లోటును అందుకుని కిందికి దిగి పక్క ఫ్లోటులోకి పోతే తెరిచిన లూప్. పైకెళ్లి, తాను బయల్దేరిన ఫ్లోటులోకే తిరిగొస్తే మూసిన లూప్. ఎంత పెద్ద దుప్పటి చూసినా దాని డిజైన్‌లో ఎక్కువ భాగం ఈ కొద్దిపాటి కదలికల కలయికే.

ఫ్లోట్లు నిలువునా ఒకదాని నెత్తిన ఒకటి ఉండవు. కింది వరుసలోని రెండింటి మధ్య ఖాళీలో పై వరుసది వచ్చి కూర్చుంటుంది. మన సందు చుక్కల ముగ్గు అమరిక సరిగ్గా ఇదే. కాబట్టి ముగ్గు వేసే చేతికి ఈ చార్టు కొత్తగా అనిపించదు. తేడా ఒక్కటే. ముగ్గు గీత చుక్కల చుట్టూ తిరిగి మొదలైన చోటికే చేరగలదు. ఈ దారం మాత్రం ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరి తీరాలి. ఎన్ని మెలికలు తిరిగినా ముందుకే పోవాలి. ముగ్గుల పుస్తకంలోంచి డిజైన్ తెచ్చుకునేవాళ్లు, ఆ గీతను ఎడమ నుంచి కుడికి ఒక్క పరుగులో లాగవచ్చో లేదో ముందు చూసుకోవాలి. లాగలేకపోతే దాన్ని రెండు వరుసలుగా విడదీసి, ఒకటి పైకీ ఒకటి కిందికీ వంగేలా గీసుకోవాలి.

మొదటి వరుస

పని అంచు నుంచి మొదలుపెట్టరు. బట్టను నిలువుగా, అడ్డంగా మడిచి నడిమి ఫ్లోటును పట్టుకుని గుండుసూదో రంగు దారమో గుర్తుగా పెడతారు. దారం మొత్తం పొడవును ఒకేసారి కోసి, దాని సగం ఆ నడిమి ఫ్లోటు కింద ఉండేలా లాగుతారు. ఒక సగంతో ఒకవైపు అంచుదాకా కుట్టి, బట్ట తలకిందులుగా తిప్పి, రెండో సగంతో మిగతావైపు పూర్తి చేస్తారు. ఇందువల్ల రెండు లాభాలు. డిజైన్ రెండు అంచుల దగ్గరా ఒకేలా ముగుస్తుంది. దారం అతుకులు బట్ట నడుమ ఎక్కడా పడవు. మిగిలిన కొసలను అంచు దగ్గర వెనక్కి తిప్పి, వచ్చిన ఫ్లోట్ల కిందుగానే కొంత దూరం దూర్చేస్తే ముడి అక్కర్లేదు.

తర్వాతి వరుసలన్నీ మొదటిదానికి పైనా కిందా దాన్ని అనుసరించి సాగుతాయి. మళ్లీ మళ్లీ లెక్కించే పని తప్పుతుంది. ఆ కారణంగానే మొదటి వరుసలో ఒక్క ఫ్లోటు తప్పినా ఆ తప్పు దుప్పటి మొత్తం పాకుతుంది. అది పూర్తికాగానే ఒక్కో మెలికా సరిచూసుకోవాలి. తేడా కనిపిస్తే మొహమాటం లేకుండా అక్కడిదాకా విప్పేయాలి.

లెక్క మీదే

కిట్లు దొరుకుతాయి. కోసిన బట్ట, సరిపడా ఊలు, అచ్చు వేసిన చార్టు అన్నీ ఒకే సంచిలో ఉంటాయి. వాటి మీద నాకు పెద్ద ఇష్టం లేదు. వాటితో చెయ్యి పని నేర్చుకుంటుంది గానీ లెక్క నేర్చుకోదు. ఆ లెక్క ఏమంత కష్టం కాదు, ఇదిగో చూడండి.

మీ బట్టలో ఒక వరుసకు 97 ఫ్లోట్లు వచ్చాయనుకుందాం. డిజైన్ 12 ఫ్లోట్లకొకసారి తిరిగి వస్తుంది. నడిమిది 49వ ఫ్లోటు. అటు 48, ఇటు 48. పన్నెండేసి చొప్పున అటు నాలుగు సార్లు, ఇటు నాలుగు సార్లు డిజైన్ సరిగ్గా పడుతుంది. అదే 103 ఫ్లోట్లు ఉంటే నడిమిది తీసేయగా ఒక్కో వైపు 51 ఉంటాయి. 48 డిజైన్‌కు పోగా మూడు మిగులుతాయి. ఆ మూడింటినీ రెండు అంచుల్లోనూ ఖాళీగా వదిలేస్తే మడత కుట్టుకు పనికొస్తాయి. 98 లాంటి సరి సంఖ్య వస్తే నడిమి ఫ్లోటు అంటూ ఉండదు. ఒక చివర ఒకటి వదిలేసి 97గా లెక్క వేసుకోవడం తేలిక.

దారం కొలతకూ చార్టునే నమ్ముకోనక్కర్లేదు. డిజైన్ ఒక్కసారి వచ్చేంతవరకు కుట్టి, ఆ దారం లాగేసి కొలవండి. ఏడంగుళాలు పట్టిందనుకోండి. ఎనిమిది సార్లకు 56 అంగుళాలు. రెండు కొసలకూ ఆరేసి కలిపితే 68. మీ చేతి బిగువు కూడా ఆ కొలతలోకి వచ్చేస్తుంది. బిగువు అంటే బట్ట ముడుచుకునేంత ఉండకూడదు, వేలికి తగులుకునేంత వదులూ కాకూడదు.

ఇంటి అక్షరం

దుప్పటి మీద పేరు కావాలంటే చాలామంది చివర్లో వేరే కుట్టుతో అక్షరాలు కుట్టేస్తారు. అలా చేస్తే సూది బట్టలోకి దిగుతుంది, వెనకవైపు శుభ్రత పోతుంది. ఈ పనిలోనే అక్షరం రాసే దారి ఉంది. దారం ఫ్లోటు కిందుగా పోతే ఆ ఫ్లోటు బట్ట రంగులో చుక్కలా కనిపిస్తుంది. అదే ఫ్లోటు మీదుగా పోతే చుక్క కప్పుకుపోయి, అక్కడ దారం రంగు విడవకుండా సాగుతుంది. తిన్నని కుట్టు వరుసలు కొన్ని పక్కపక్కనే వేసి, అక్షరం ఉన్నచోట మాత్రం మీదుగా పోనిస్తే, చుక్కల నేల మీద నిండు రంగులో అక్షరం తేలుతుంది.

ఇంగ్లీషు పొడి అక్షరాలకు అచ్చు చార్టులు ఉన్నాయి. తెలుగుకు మనమే గీసుకోవాలి. మామూలు గళ్ల కాగితం మీద కాకుండా సందు చుక్కలు పెట్టుకుని గీయండి. ప్రతి వరుసా అర చుక్క దూరం పక్కకు జరుగుతుంది గనుక తలకట్టు వాలు, ‘ర’ పొట్ట వంపు అందులో బాగా కుదురుతాయి. వరుసలు పొదుపు చేస్తే మాత్రం గుండ్రం కాస్తా కోణాలుగా మారిపోతుంది. అందుకే పేరంతా వద్దు, ఒక్క అక్షరం చాలు. ఒకే వరుసలో మూడు నాలుగు ఫ్లోట్లను దాటి మీదుగా పోనివ్వకండి. పొడవుగా వదిలిన దారం గాజులకూ గోళ్లకూ తగులుకుంటుంది. అమెరికాలో మాంక్స్ క్లాత్ (చాప నేత నూలు బట్ట) దుప్పటి కుట్టే తెలుగు ఇంట పసిపాప మొదటి అక్షరం దాని మూలన ఉండాలని నా కోరిక.

ఎక్కడిది?

గడువు తరుముతోంది కాబట్టి చరిత్ర క్లుప్తంగా. హక్కబ్యాక్ అనేది ఇంగ్లండ్‌లో పాత కాలం నుంచీ ఉన్న తువ్వాళ్ల బట్ట. పైకి తేలిన పోగుల వల్ల నీటిని బాగా పీలుస్తుంది. ఆ ఫ్లోట్లలో రంగు దారం దూర్చే పని 1930లు, 40లలో అమెరికా ఇళ్లలో బాగా వ్యాపించింది. బట్టా చవకే, దారమూ చవకే. మిల్డ్రెడ్ క్రీగ్ వంటివారు తువ్వాళ్ల నమూనాలను చిన్న పుస్తకాలుగా అచ్చు వేశారు. హక్ ఎంబ్రాయిడరీ, స్వీడిష్ వీవింగ్ రెండూ దీని పేర్లే. తర్వాత మాంక్స్ క్లాత్ మీద ఊలుతో దుప్పట్లు చేయడం మొదలయ్యాక తువ్వాలు వెనకబడి దుప్పటి ముందుకొచ్చింది.

బాక్సు 1: ఏమేం కావాలి?

• దుప్పటికి మాంక్స్ క్లాత్. నూలు బట్ట, నాలుగేసి పోగుల చాప నేత. సాధారణంగా 60 అంగుళాల వెడల్పులో వస్తుంది.
• మన దుకాణాల్లో దొరికే మ్యాటీ క్లాత్‌దీ చాప నేతే. కొనేముందు మొద్దు సూది దూర్చి చూడండి. ఫ్లోటు సులువుగా లేస్తేనే తీసుకోండి.
• మొద్దు మొన, పెద్ద కన్ను ఉన్న సూది. మొన కాస్త వంగి ఉంటే మరీ మేలు.
• దుప్పటికి యాక్రిలిక్ ఊలు చాలు. తువ్వాలుకు నూలు దారమే వాడాలి, యాక్రిలిక్ నీరు పీల్చదు.

బాక్సు 2: కడిగాకే కొలత

మాంక్స్ క్లాత్ కడిగితే కుంచించుకుపోతుంది, పోగులు ఉబ్బుతాయి. అంచులు ఊడిపోయే నేత గనుక ముందు నాలుగు వైపులా జిగ్‌జాగ్ గానీ ఓవర్‌లాక్ గానీ వేయించి, కడిగి ఆరబెట్టి, ఆ తర్వాతే ఫ్లోట్లు లెక్కపెట్టండి. ముదురు ఊలును తడిపి తెల్ల గుడ్డలో నొక్కి, రంగు దిగుతుందేమో చూసుకోండి.

బాక్సు 3: చుట్టరికాలు

పోగులు లెక్కపెట్టి కుట్టే పనులు మన చుట్టుపక్కలా ఉన్నాయి. కర్ణాటక కసూతిలో ‘నేగి’ కుట్టు చూడటానికి నేతలాగే ఉంటుంది. నీలగిరుల్లో తోడా మహిళలు తెల్ల బట్ట మీద ఎరుపు, నలుపు దారాలతో పోగులు లెక్కపెట్టి కుడతారు. జపాన్‌లోని త్సుగారు ప్రాంతంలో కోగిన్ ఉంది. అయితే వీటన్నిటిలో సూది బట్ట అవతలికి వెళ్తుంది.

మొదట ఏది?

దుప్పటితో మొదలుపెట్టకండి. అది నెలల పని. మొదటి వరుస చూసుకున్న ఉత్సాహం సగంలోనే చల్లారితే బట్ట మూట అటక ఎక్కుతుంది. తువ్వాలు చివర జానెడు పట్టీ చాలు. రెండు మూడు వరుసలు, ఒకే రంగులో ముదురు నుంచి లేతకు. అది కుదిరాక దిండు గలేబు, ఆ తర్వాత దుప్పటి.

చేసినదాన్ని వాడండి. చేతులు తుడుచుకునే బట్ట మీద పెరిగిన పని ఇది. అలంకారం కోసం ఆ బట్ట తన పని మానుకోలేదు. పురిటికో పెళ్లికో కానుకగా ఇస్తే, ఎలా ఉతకాలో ఓ చీటీ రాసి జతచేసి, రోజూ కప్పుకోమని గట్టిగా చెప్పండి. బీరువాలో మడతపెట్టి ఉంచిన దుప్పటి ఎవరికీ వెచ్చదనం ఇవ్వదు.